ఫిడేలు నాయుడు గారు – ఒక వాద్యం కథ, ఒక ఉద్యోగం కథ

మన సంఘం సావనీరు అంటే అందులో ఏముంటుందో పాఠకులకు ముందే తెలుసు. చదువుకునే పిల్లల సంగతి, స్కాలర్‌షిప్పుల సంగతి, గతించిన బుజుర్గుల జీవిత విశేషాలు, కాస్త చరిత్ర. ఈ యేడు నేను ఒక ఫిడేలు విద్వాంసుడి గురించి, అందులోనూ విజయనగరంలో స్థిరపడ్డ నాయుడు గారి గురించి రాస్తానంటే ఒక పెద్దాయన, "మనకీ ఫిడేలుకీ ఏం సంబంధం మియా?" అన్నారు. అడగవలసిన ప్రశ్నే. ఒక్క ముక్కలో తేలేది కాదు కనుక వ్యాసమే రాస్తున్నాను.

ముందుగా ఒక మనవి. సంగీతం తగునా, తగదా అనే విషయంలో మన ఇళ్ళల్లో రెండు అభిప్రాయాలు వున్నాయి. ఆ చర్చ ఉలేమాలది, అందులో తల దూర్చే అర్హత నాకు లేదు. నేను చెప్పబోయేది ఒక వాద్యం చేసిన ప్రయాణం, చూపు సరిగా లేక చదువు ఆగిపోయిన ఒక కుర్రవాడి బతుకుతెరువు, ఒక పాఠశాల పుట్టుక. అలాంటి కుర్రవాళ్ళ తల్లిదండ్రులు మన సంఘం మెట్లు కూడా ఎక్కుతూనే వుంటారు. వాళ్ళకు ఏం చెప్పాలో తోచక మనం "చూద్దాం లెండి" అని పంపిస్తుంటాం. నాకు ఈ కథ మీదికి మనసు పోయింది అందుకే.

వాద్యంతో మొదలు పెడతాను. ఫిడేలు దొరల వాద్యమని మనం అనుకుంటాం. దొరలతో వచ్చిన మాట నిజమే. కాని దొరలకు ఎక్కడిది? విల్లుతో తీగను రాసి పలికించే విద్య మొదట ఆసియా ఖండానిదని చరిత్రకారులు చెబుతారు. 950లో గతించిన హకీమ్ అల్ ఫారాబీ గారు సంగీతం మీద రాసిన పెద్ద గ్రంథం "కితాబుల్ మూసీఖీ అల్ కబీర్"లో రబాబ్ అనే వాద్యాన్ని వర్ణించారు. ఈ రబాబ్ అరబ్బులతో కలిసి అందలూసియాకు, అంటే నేటి స్పెయిన్‌కు, వెళ్ళింది. అక్కడ నుంచి యూరపులో పాకి "రెబెక్" అని పేరు మార్చుకుంది. పేరులోనే పుట్టిల్లు వినిపిస్తోంది కదా! 16వ శతాబ్దంలో ఇటలీ దేశంలోని క్రెమోనా పట్టణంలో ఆండ్రియా అమాతీ వంటి పనివాళ్ళు తయారు చేసిన వయొలిన్ వెనుక రెబెక్ ఒక్కటే లేదు, వేరే వాద్యాలు కూడా వున్నాయి. అయినా ఆ వంశవృక్షంలో ఒక కొమ్మ మన రబాబ్‌దే. కనుక ఫిడేలు మన వైపు నుంచి పడమటికి వెళ్ళి, రూపు మార్చుకుని, కుంపిణీ ఓడ ఎక్కి మళ్ళీ మన దగ్గరికే వచ్చిందన్నమాట.

వచ్చింది మద్రాసుకి. ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) మద్రాసులో ఒక యూరోపియన్ వాద్యకారుడి దగ్గర ఫిడేలు నేర్చి, దాన్ని మన రాగాలకు మలిచారు. తంజావూరు సోదర చతుష్టయంలో ఒకరైన వడివేలు గారికి తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ 1834లో దంతపు ఫిడేలు బహూకరించారు. ఆ తర్వాత వందేళ్ళలో ఈ పరాయి వాద్యం కర్ణాటక కచ్చేరీలో తప్పనిసరి అయి కూర్చుంది. గాయకుడు ఎవరైనా కావచ్చు, పక్కన ఫిడేలు లేకపోతే కచ్చేరీ నడవదు.

ఇదెలా సాధ్యమయింది? మన వాళ్ళు వాద్యాన్ని మార్చలేదు, పట్టుకునే తీరు మార్చారు. దొరలు నిలబడి, గడ్డం కింద నొక్కి పట్టి వాయిస్తారు. మన విద్వాంసుడు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఫిడేలు తలను కుడికాలి చీలమండ మీద ఆనించి, రెండో కొసను ఛాతీకి ఆనించి వాయిస్తాడు. దీంతో వాద్యం బరువు మోసే పని ఎడమ చేతికి తప్పింది. ఆ చెయ్యి తీగ మీద కింది నుంచి పైదాకా జారడానికి స్వేచ్ఛ వచ్చింది. మన సంగీతానికి ప్రాణమైన గమకం ఆ జారుడులోనే వుంది. తీగల శ్రుతి కూడా మార్చి, షడ్జమ పంచమాలుగా కట్టుకున్నారు. ఫిడేలుకు వీణలాగ మెట్లు లేవు. ఏ స్వరం ఎక్కడుందో కంటికి కనిపించదు, చెవే వెతుక్కోవాలి. ఈ ముక్క పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. మన కథానాయకుడికి కలిసి వచ్చింది ఇదే.

మన పేట పేరు చూడండి. పంజా అనేది ఫారసీ మాట, అయిదు వేళ్ళ చెయ్యి. గుట్ట అచ్చమైన తెలుగు మాట. రెండూ కలిసి ఎప్పుడో ఒకటైపోయాయి. బస్సు కండక్టరు "పంజాగుట్ట, పంజాగుట్ట" అని అరుస్తుంటే ఏ సగం ఎక్కడిదని ఎవరూ ఆలోచించరు. ఫిడేలు సంగతి కూడా అంతే అయింది.

ఇక నాయుడు గారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో పని చేసినవారు. పిల్లవాడు పెరిగింది మాత్రం విశాఖపట్నంలో. చిన్నతనం నుంచీ చూపు మందం. నల్లబల్ల మీది అక్షరం ఆనని పిల్లవాడికి బడిలో ఏం చదువు వస్తుంది? చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆ రోజుల్లో చదువు ఆగిన, చూపు లేని పిల్లవాడంటే ఇంట్లో ఒక మూల కూర్చోవలసిందే. అదృష్టవశాత్తూ ఇంట్లో ఫిడేలు వుంది. అన్నగారు వెంకటకృష్ణయ్య గారు ఫిడేలు వాద్యంలో ప్రవీణులు. తమ్ముడికి ఆయనే మొదటి గురువు.

ఇక్కడ ఒక మాట చెప్పాలనిపిస్తోంది. నాయుడు గారి గురించి రాసేవాళ్ళంతా విజయనగరం నుంచి మొదలు పెడతారు. నాకేమో ఆ అన్నగారి మీద ఎక్కువ గౌరవం. తమ్ముడికి ఏది రాదో లెక్క పెట్టకుండా, ఏది వస్తుందో చూసినవాడు ఆయన. చూపు లేనివాడికి చెవి పదునెక్కుతుందని అంటారు గాని, ఊరికే ఎక్కదు. రోజుకు ఇన్ని గంటలని కూర్చోబెట్టి సాధన చేయించే మనిషి పక్కన వుండాలి.

ఇక విజయనగరం సంస్థానంలో సంగీత పాఠశాల పుట్టిన కథ. దీన్ని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. మహారాజా విజయరామ గజపతి గారి ఆస్థానంలో చాగంటి జోగారావు గారని ఒక ఉద్యోగి వుండేవారు. ఆయన కొడుకు గంగబాబు అంధుడు. ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించాలని తండ్రి కోరిక. రాజా వారు ఆ ఒక్క కుర్రవాడికి ఒక మాస్టారును కుదిర్చి చేతులు దులుపుకోవచ్చు. అలా చేయలేదు. ఒక పాఠశాలే పెట్టారు. 1919లో శ్రీ విజయరామ గాన పాఠశాల అలా మొదలయింది. ఒక అంధ బాలుడి నిమిత్తంగా పుట్టిన ఆ బడిలో తరవాతి కాలంలో ఘంటసాల వెంకటేశ్వరరావు గారు చదువుకున్నారు, పి. సుశీల గారు చదువుకున్నారు. వాళ్ళ పాటలు వినని తెలుగు ఇల్లు లేదు.

ఆ పాఠశాలకు మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945). హరికథా పితామహులని అందరికీ తెలుసు. మన పాఠకుల్లో ఎంతమందికి తెలుసో గాని, దాసుగారు ఫారసీ, అరబీ నేర్చిన మనిషి. హజ్రత్ ఉమర్ ఖయ్యామ్ రుబాయీలను ఫిట్జెరాల్డు ఇంగ్లీషులో చేసిన అనువాదం చదివి, అది మూలానికి న్యాయం చేయలేదని ఆయనకు అనిపించింది. నేరుగా ఫారసీ మూలం పట్టుకుని సంస్కృతంలోకి ఒకసారి, ఒక్క సంస్కృత పదం కూడా దొర్లని అచ్చ తెలుగులోకి ఒకసారి అనువదించారు. అది 1932లో అచ్చయింది. బొబ్బిలి తాలూకా అజ్జాడలో పుట్టిన బ్రాహ్మణ పండితుడు నైషాపూర్ కవి పక్షాన వకాల్తా పుచ్చుకున్నాడంటే మనవాళ్ళు గర్వపడవద్దా? మన ఇళ్ళల్లో ఫారసీ చదవగలిగినవాళ్ళు ఈనాడు ఎంతమంది వున్నారో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు. నేను నా ఇంటి లెక్క వేసుకుని ఊరుకున్నాను.

అలాంటి దాసుగారి బడికి ద్వారం వారు వెళ్ళారు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు దాటాయి. విద్యార్థిగా చేరదామని వెళితే, ఆయన వాయించింది విని, "నువ్వు నేర్చుకోవడమేమిటి, నేర్పు" అన్న అర్థంలో ఆచార్య పదవే ఇచ్చారని ఆ ప్రాంతంలో కథగా చెప్పుకుంటారు. 1919లోనే ఆయన ఆ పాఠశాలలో వయొలిన్ ఆచార్యులు అయ్యారన్నది మాత్రం చరిత్రలో నిలిచిన విషయం. సర్టిఫికెట్టు ఏదని ఎవరూ అడగలేదు. చూపెంత అని అడగలేదు. దాసుగారి తరువాత 1936లో ఆయనే ప్రిన్సిపాలు అయ్యారు. బడి చదువు సాగని మనిషి కళాశాలకు అధిపతి కావడమన్నది మన దేశంలో తరుచుగా జరిగేది కాదు.

ఉద్యోగం అన్నాను కనుక కాస్త ఆగుతాను. కళాకారుడి కథ చెప్పేటప్పుడు మనవాళ్ళు పేరు ప్రఖ్యాతులు చెబుతారు గాని, అన్నం ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పరు. పాత కాలంలో వాద్యకారుడు రాజా వారి దయ మీద బతికేవాడు. దయ వున్నంత కాలం దుశ్శాలువా, లేనినాడు ఉపవాసం. పాఠశాల వచ్చాక నెల జీతం వచ్చింది. రేడియో వచ్చాక నిలయ విద్వాంసుడనే కొత్త కొలువు వచ్చింది. 1948లో విజయవాడ ఆకాశవాణి మొదలైనప్పుడు అందులో చేరిన వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి గారు ఆ కొలువులోనే పేరు తెచ్చుకుని, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. విజయనగరం బడిలో ద్వారం నరసింగరావు నాయుడు గారి దగ్గర నేర్చుకున్న నేదునూరి కృష్ణమూర్తి గారు (1927–2014) ప్రభుత్వ సంగీత కళాశాలలకు ప్రిన్సిపాలుగా చేశారు. 1991లో సంగీత కళానిధి అయ్యారు. ఒక రాజు ఒక పిల్లవాడి కోసం తెరిచిన తలుపులో నుంచి ఇన్ని జీవితాలు నడిచి వచ్చాయి.

మళ్ళీ నాయుడు గారి దగ్గరకు వద్దాం. కచ్చేరీలో ఫిడేలు అంటే పక్కవాద్యం. గాయకుడు పాడింది వెంటనే అందుకుని, నీడలాగ వెంట నడవాలి. ఆయన ఆలాపన ముగించాక తన వంతు కొద్దిసేపు వాయించి ఆపాలి. ఎక్కువ వాయిస్తే గాయకుడికి కోపం, తక్కువ వాయిస్తే శ్రోతలకు కోపం. ఇది ఎంత కష్టమో మన కవ్వాలీ మెహఫిళ్ళలో వెనక కూర్చుని అందించేవారిని గమనించినవాళ్ళకు తెలుస్తుంది. దక్షిణ దేశంలో ఆ తరానికి ముగ్గురు ఫిడేలు విద్వాంసులను ప్రధానంగా చెబుతారు. మైసూరు చౌడయ్య గారు, కుంభకోణం రాజమాణిక్యం పిళ్ళై గారు, మన ద్వారం వారు. మైకులు అంతగా లేని రోజులు. వెనక వరుసల దాకా నాదం వినిపించాలని చౌడయ్య గారు నాలుగు తీగల ఫిడేలుకు ఏడు తీగలు కట్టారు. ద్వారం వారు తీగలు పెంచలేదు. కమానును పొడుగ్గా, నిదానంగా లాగుతూ నాదాన్ని పెంచుకున్నారు. ఆయన రికార్డులు ఈనాటికీ దొరుకుతాయి. వింటే ఫిడేలు అనిపించదు, ఎవరో గొంతు విప్పి పాడుతున్నట్టే వుంటుంది.

అంతటి నాదం వున్నవాడు ఎంతకాలం పక్కన కూర్చుంటాడు? 1938లో వేలూరులో ఆయన సోలో కచ్చేరీ చేశారు. వయొలిన్ ప్రధాన వాద్యంగా సభలో జరిగిన తొలి కచ్చేరీ అదేనని చాలామంది చెబుతారు. అంతకు ముందు ఇళ్ళల్లో ఒంటరిగా వాయించినవాళ్ళు లేకపోలేదు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన జనం ముందు, పాటగాడు లేకుండా, కేవలం కమాను మీద నమ్మకంతో కూర్చోవడం వేరు. సాహిత్యం లేదు, మాట సాయం లేదు. రక్తి కట్టకపోతే జనం లేచిపోతారు. లేచిపోలేదు. ఈనాడు వయొలిన్ సోలో కచ్చేరీ అంటే ఎవరూ వింతగా చూడరు. ఆ వింత పోగొట్టినవారిలో ఆయన ముందువారు.

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వారు కళాప్రపూర్ణ ఇచ్చారు. బిరుదుల పట్టిక ఇంతటితో ఆపుతాను. ఊళ్ళో జనం మాత్రం ఆయన్ని "ఫిడేలు నాయుడు గారు" అనే అనేవారు. ఇంటి పేరు పోయి వాద్యమే ఇంటి పేరు కావడం కన్న పెద్ద బిరుదు వుందని నేననుకోను.

1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ భారతదేశానికి వచ్చారు. మద్రాసులో అప్పటి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్ గారి ఇంట్లో ద్వారం వారి వాద్యం విని ఎంతో మెచ్చుకున్నారు. ఆ గదిని ఒక్కసారి ఊహించుకోండి. ఒకరు నిలబడి గడ్డం కింద పట్టి వాయించే సంప్రదాయంలో పుట్టిన యూదు విద్వాంసుడు. మరొకరు నేల మీద కూర్చుని చీలమండకు ఆనించి వాయించే తెలుగువాడు. ఇద్దరి చేతుల్లో ఒకటే వాద్యం. ఆ వాద్యానికి తాతల్లో ఒకటి అరబ్బుల రబాబ్. ఈ మెనూహిన్ గారే 1955లో ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ గారిని న్యూయార్కు పిలిపించి, అమెరికా శ్రోతలకు పరిచయం చేశారు.

అలీ అక్బర్ గారి పేరు వచ్చింది కనుక ఆయన తండ్రి ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్ గారి సంగతి కూడా చెప్పి తీరాలి. మైహర్ బాబా అని జనం పిలుచుకునే ఆ మహానుభావుణ్ణి సరోద్ విద్వాంసుడిగానే ఎరుగుదుం. ఆయన చేతిలో వయొలిన్ కూడా పలికింది. ఆయన వయొలిన్ రికార్డులు వున్నాయి. వి.జి. జోగ్ గారు ఆయన దగ్గర నేర్చుకుని హిందూస్తానీ వయొలిన్‌లో పేరు పొందారు. దక్షిణాన ఒక నాయుడు గారు, ఉత్తరాన ఒక ఖాన్ సాహెబ్. ఒకే కాలంలో ఇద్దరూ పరాయి వాద్యాన్ని పట్టుకుని, మనది చేశారు. "మనకేం సంబంధం మియా" అన్న పెద్దాయనకు ఈ పేరా వినిపించాను. "అయితే రాయి" అన్నారు.

నాయుడు గారు 1964 నవంబరు 25న కన్ను మూశారు. కుమార్తె ద్వారం మంగతాయారు గారు, ఇంకా ఆ కుటుంబంలో పలువురు ఆ విద్యను నిలబెట్టారు. శతజయంతి సంవత్సరమైన 1993లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

మన సమాజంలో ఇలాంటివాళ్ళు లేరా అని పిల్లలు అడగవచ్చు. వున్నారు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబ్ నాదస్వర విద్వాంసుల ఇంటివారు. తెలుగు దేశంలో దేవాలయాల ముందు, పెళ్ళిళ్ళలో తరతరాలుగా నాదస్వరం వాయించిన ముస్లిం కుటుంబాలలో అదొకటి. ఆయన తంజావూరు బాణీ మీద మక్కువతో శ్రీరంగం వెళ్ళి స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. ద్వారం వారికి ఏ సభ ఆ బిరుదు ఇచ్చిందో, 57 ఏళ్ళ తరువాత అదే సభ మౌలానా సాహెబ్‌కు ఇచ్చింది. ఆ మరుసటి సంవత్సరమే, 1999లో, ఆయన గతించారు. వారి జీవితం గురించి వేరే వ్యాసం కావాలి, దానికి వచ్చే సంచికలో చోటిస్తామని సంపాదకులు మాట ఇచ్చారు.

విజయనగరం బడి నేటికీ నడుస్తోంది. రాజుల చేతి నుంచి ప్రభుత్వం చేతికి వచ్చి, మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల అని పేరు మారింది. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం తరగతులు వున్నాయి. మన పేటలో చూపు సరిగా లేని ఒక కుర్రవాడి తల్లి మొన్న రంజాన్ రోజుల్లో నన్ను అడిగింది, వాడు రేడియోలో విన్న ప్రతి పాటా మళ్ళీ పాడతాడని, ఏం చెయ్యమంటారని. ఈసారి "చూద్దాం లెండి" అనలేదు. రాంకోటిలో వున్న ప్రభుత్వ సంగీత కళాశాలకు వాడిని వెంటబెట్టుకుని వెళ్ళాను. వాడు అక్కడ గోడకు ఆనించి వున్న తంబురాను చేత్తో తడిమి, తీగ ఒకటి మీటి, చాలాసేపు చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. దరఖాస్తు ఫారం నేనే పూర్తి చేశాను.